ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకే

మహబూబాబాద్ రైతు సంఘం ఆఫీసులో మెయిల్ సర్వర్ చూసే హరిలాల్‌కు అందరి పాస్‌వర్డులూ తెలుసు. తెలుసుకోవాలన్న సరదా ఏమీ లేదు పాపం! పాస్‌వర్డ్ మార్చాలంటే ఎంతటివాడైనా వచ్చి అతని చెవిలో చెప్పాల్సిందే. గంగారం, మహదేవపూర్ శాఖల వాళ్ళయితే బస్సెక్కి రావాలి. తీరా ఎవరి మెయిల్ సంగతి బయటికి పొక్కినా, వేలు అతని వైపే లేచేది. తండాలో పుట్టి, నానా తంటాలు పడి కంప్యూటర్ నేర్చుకున్నవాడు. దొంగ అనిపించుకోవడం అతనికి చావుతో సమానం.

తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. గంగారం శాఖ సరోజన ఫోన్‌లోనే కొత్త పాస్‌వర్డ్ చెప్పింది. సిగ్నల్ అందక ఎంత గట్టిగా అరిచిందంటే, ఇక్కడ ఆఫీసంతా వినేసింది. ఇక చాలనుకున్నాడు హరిలాల్. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళే మార్చుకునే పేజీ ఒకటి తయారుచేశాడు. దాన్ని తెరిచిన రోజు పెళ్ళికొడుకులా మెరిసిపోయాడు.

ఆ సంబరం టీ చల్లారేలోపే ఆవిరైంది. 'జై తెలంగాణ' అని కొడితే పేజీ ఒప్పుకోవడం లేదు! ఇట్టే ఊహించగలిగే మాటల్ని వద్దనమని దానికి నేర్పింది అతనే. ఆ రోజుల్లో అంతకన్నా ఇట్టే తట్టే మాట ఇంకేముంది? సంఘంలో అందరూ ముందుగా కొట్టింది అదే మరి.

సంఘం కార్యదర్శి కొమురయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఏందిరా హరిలాల్ గిది? జై తెలంగాణ వద్దంటదా? తీసెయ్ గీ పేజీని! ఎప్పటిలెక్కనే నీకు చెప్తం."

హరిలాల్ గబుక్కున లేచాడు. మళ్ళీ ఆ గుసగుసలు, ఆ నిందలేనా!

"జరాగే కొమురన్నా! రోడ్డు మీద మనందరం ఒర్రే మాట గది. దాన్నే తాళంచెవి జేస్తే, దొంగ సుత జై తెలంగాణ అనుకుంటనే లోపలికొస్తడు గదనే!"

కొమురయ్యే ముందు ఫక్కున నవ్వాడు. కీబోర్డుకు చెయ్యి అడ్డం పెట్టుకొని, ఇంకేదో కొట్టాడు. పేజీ ఒప్పుకుంది. వెనక నిలబడ్డవాళ్ళంతా ఈలలు వేశారు.

సాయంత్రం గంగారం నుంచి సరోజన ఫోన్ చేసింది.

"తమ్మీ, నాది గూడ మారిందిరా! నేనే మార్చిన!"

"ఏం పెట్టినవక్కా?" అలవాటు కొద్దీ నోరు జారాడు హరిలాల్.

"నీకు నేనెందుకు చెప్తరా?"

ఆ కసురు వినగానే హరిలాల్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు.