పెద్దయ్యాక కోడలినవుతానండి

బడి అరుగు మీద పిల్లలు పలకలకి బొగ్గూ దొండాకు పసరూ కలిపి పూస్తున్నారు. ఆ పచ్చివాసన గదిలోకి వచ్చేసరికి, హాజరు పిలుస్తున్నదాన్ని ఒక పేరు దగ్గర ఆగిపోయాను. పిల్లలు నా ముఖం కేసి చూశారు. ఈ వాసన తగిలితే నాకు దీనమ్మ గారు గుర్తొస్తారు. చిన్నప్పుడు మాకు చదువు చెప్పిన పంతులమ్మ గారు ఆవిడ. పోలవరం దాటి ఇంత దూరాన, ఈ కొండల దగ్గర, ఆవిడని ఎరిగినవాళ్ళెవరూ లేరు. ఆవిడ గురించి చెప్పుకోవాలని ఉంటుంది, చెప్పుకోవడానికి మనిషి దొరకదు. అందుకే రాస్తున్నాను. కాగితం అయితే విసుక్కోదు.

మా ఊరు సామర్లకోట దాకా పోయే కాలువ గట్టున ఉంటుంది. మాది కొత్తగా క్రైస్తవంలో కలిసిన పేట. అమ్మా నాన్నా ఒకే ఏడాది కలరాతో పోతే మేనమామ నన్ను తెచ్చి పెంచాడు. మామయ్య మంచివాడు. అత్తయ్య కూడా చెడ్డదేం కాదు. కానీ ఐదుగురు పిల్లలున్న ఇంట్లో నేను ఆరోదాన్ని. అందరికీ అన్నం పెట్టేశానని గిన్నెలు కడిగేసుకున్నాక, గుంజ పక్కన కూర్చున్న నన్ను చూసి, "అయ్యో, నువ్వొకదానివున్నావు కదే" అని నాలిక్కరుచుకునేది. కావాలని చేసేది కాదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. కావాలని చేస్తే కనీసం నేనున్నట్టు గుర్తుందని అనుకోవచ్చు.

దీనమ్మ గారు మిషను వాళ్ళు పెట్టిన మా పేట బడిలో ఒక్కరే చెప్పేవారు. బడి వెనక ఒంటిగదిలో ఉండేవారు. ఎక్కడివారో, నా అన్నవాళ్ళు ఎవరున్నారో ఊళ్ళో ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. మనిషి పొట్టి, గొంతు మాత్రం కాలువ అవతలి గట్టుకి వినిపించేది. ఒత్తు తప్పితే కొట్టేవారు కాదు. తప్పుని తప్పుగానే, రాసింది రాసినట్టు, అందరికీ వినపడేలా చదివేవారు. ఒకసారి నేను 'అక్క'కి బదులు 'అక' అని రాశాను. వారం రోజులు పిల్లలు నన్ను 'అకా, అకా' అని పిలిచి చంపుకు తిన్నారు. దెబ్బలే నయమనిపించింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక సాయంత్రం మామయ్య పొలం నుంచి వస్తూ నన్ను తీసుకుపోదామని బడి గుమ్మంలో నిలబడ్డాడు. దీనమ్మ గారు నా పలక చూస్తూ ఉన్నట్టుండి అడిగారు.

"ఏమే, నువ్వు ఏమవుతావు?"

మా వైపు ఆడపిల్లని ఎవరు ఆ మాట అడిగినా అది చుట్టరికం గురించే. నేను గుమ్మం వైపు చూసి, "ఆయనకి మేనకోడలినవుతానండి" అన్నాను.

"అది కాదే. పెద్దయ్యాక ఏమవుతావు?"

అదీ నాకు తెలిసిందే. "పెద్దయ్యాక కోడలినవుతానండి."

పిల్లలు గొల్లుమన్నారు. మామయ్య మురిసిపోయాడు. పెద్దబావకి నన్ను చేసుకోవాలని ఇంట్లో ఎప్పుడూ అనుకునే మాటే అది. దీనమ్మ గారు మాత్రం నవ్వలేదు. "ఒకళ్ళకి ఏమవుతావని కాదు. నువ్వు ఏమవుతావని అడుగుతున్నాను. రేపొచ్చి చెప్పు" అన్నారు.

మర్నాడు చెప్పలేకపోయాను. ఆ మర్నాడూ చెప్పలేకపోయాను. ఎవరికీ ఏమీ కాకపోతే మనిషి ఇంకేమవుతుందో నాకు అంతుపట్టలేదు. అత్తయ్యని అడిగితే, "ఏమవుతావే, ముసలిదానివవుతావు. ముందు ఆ పిడకలు లోపల పెట్టు" అంది. నాలుగోరోజు బడి వదిలాక ఆవిడ ముందుకెళ్ళి నిలబడ్డాను.

"నేను మీరవుతానండి."

ఆవిడ నా పలక తీసుకుని చూశారు. "ముందు ఒత్తులు సరిగ్గా రాయడం నేర్చుకో" అన్నారు. కానీ ఆ రోజు నన్ను ఇంటికి పొమ్మనలేదు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆవిడ గదిలోనే. ఆవిడ బియ్యం ఏరుకుంటూ ఉండేవారు, నేను పుస్తకం పైకి చదివేదాన్ని. తప్పు చదివితే తలెత్తకుండా "ఊఁ?" అనేవారు. అంతకుమించి మాటలుండేవి కావు. ఇంట్లో ఆరోదాన్ని, అక్కడ ఒక్కదాన్నే. చదువు మీద ఇష్టంతో పంతులమ్మనయ్యానని ఇప్పుడు నలుగురూ మెచ్చుకుంటారు. నేనూ తలూపి ఊరుకుంటాను. నిజం చెప్పాలంటే నా కోరిక అంత గొప్పదేం కాదు. ఆ బడిలో ఆవిడ కుర్చీ పక్కన నాకూ ఒక కుర్చీ ఉండాలి. పెద్దపిల్లలకి ఆవిడ, చిన్నపిల్లలకి నేను. సాయంత్రమయ్యాక బియ్యం ఒకరు, కూర ఒకరు. దానికోసమే ఒత్తులూ నేర్చుకున్నాను, ఎక్కాలూ నేర్చుకున్నాను.

పధ్నాలుగో ఏట మామయ్య వచ్చి ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను వెనక గదిలో తలుపు చాటున ఉన్నాను.

"ఇంకా ఎంతకాలం చదివిస్తారండి? మావాడు ఎదిగొచ్చాడండి."

"పిల్లని అడిగావా?"

"అడిగేదేంటండీ, అది మా పిల్లే కదండి."

"అందుకే అడగమంటున్నాను. రాజమండ్రిలో పంతులమ్మల తర్ఫీదు బడి ఉంది. రెండేళ్ళు. తిరిగొచ్చాక దాని ఇష్టం."

మామయ్య నన్ను పిలిచి, పాపం, నిజంగానే అడిగాడు. "వెళ్తావా అమ్మా?" అని. వెళ్తానన్నాను. నా పెట్టె తానే మోసుకొచ్చి పడవలో పెట్టాడు. "మళ్ళీ వచ్చేస్తావుగా?" అంటే, "వచ్చేస్తాను మామయ్యా" అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఎవరి దగ్గరికి వస్తానో చెప్పలేదు, అంతే. ధవళేశ్వరం లాకుల దాకా ఆ మాటే గుచ్చుకుంటూ ఉంది.

నేను అక్కడుండగానే పెద్దబావకి వేరే సంబంధం చేశారు. 'నీ కోసం ఎంతకాలం చూస్తాం తల్లీ' అని మామయ్య ఉత్తరం రాయించాడు. బావ మీద నాకు మనసేం లేదు. అయినా ఆ ఉత్తరం పట్టుకుని ఏడ్చాను. ఇక ఆ ఇంట్లో నేను ఎవరికీ ఏమీ కాను. మిగిలింది దీనమ్మ గారే.

పరీక్ష నెగ్గి పడవ దిగినరోజు తిన్నగా బడికే వెళ్ళాను. ఆవిడ జుట్టు బాగా నెరిసింది. నా కాగితాన్ని వెలుతురులో పెట్టి రెండుసార్లు చదివారు. అన్నం పెట్టారు. నేను తింటూనే, చిన్నపిల్లల్ని నాకు వదిలేయమనీ, కుర్చీ వడ్రంగికి చెప్పి చేయిద్దామనీ గలగలా చెప్పుకుపోయాను. ఆవిడ మజ్జిగ పోస్తూ అన్నారు.

"ఇక్కడికి నేను చాలు. పోలవరం దాటాక కొండల దగ్గర ఒక ఊరుంది. అక్కడ బడి లేదు. మిషను దొరసాని గారికి నీ పేరు చెప్పేశాను."

"నన్నడక్కుండానా అండీ?"

"అడిగితే ఉంటానంటావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు ఏమవుతావని ఊళ్ళో నన్నడిగిన ఒకే ఒక్క మనిషి, తీరా నేను అయి వచ్చాక, అడగడం మానేశారు. మూడోరోజు పడవెక్కించడానికి గట్టు దాకా వచ్చారు గాని, పడవ కదిలేదాకా ఉండలేదు. బడి వేళయిందని వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చూస్తారేమోనని నేను చూస్తూనే ఉన్నాను. తిరగలేదు. కోపంతో రెండేళ్ళు ఉత్తరం రాయలేదు. రాద్దామనుకునేలోగా, జ్వరం వచ్చి పోయారని కబురు తెలిసింది. అదీ నెల ఆలస్యంగా. దగ్గర ఎవరూ లేరట.

ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. వచ్చినప్పుడు ఈ ఊళ్ళో అక్షరం వచ్చిన ఆడది ఒక్కతీ లేదు. ఇప్పుడు మొగుళ్ళ ఉత్తరాలు పెళ్ళాలే చదివిపెడుతున్నారు. నా దగ్గర చదివిన ఇద్దరు పంతులమ్మలయ్యారు. వాళ్ళు నా దగ్గరే ఉంటామంటే నేనే వేరే ఊళ్ళకి పంపించాను. దీనమ్మ గారు చేసింది సరైన పనే. ఎవరడిగినా అదే చెబుతాను. కానీ ఆ రోజు ఆవిడ నన్ను అడగాల్సింది. ఉంటాననేదాన్ని. ఈ పిల్లల్లో ఒక్కరి ముఖమూ ఎరక్కుండా ఆవిడకి ఇంత అన్నం వండిపెట్టి, ఆ జ్వరంలో పక్కన కూర్చునేదాన్ని. ఇప్పటికీ నాకు కావలసింది అదే.