ఓడలో మెత్తబడిన జొన్నరొట్టెలు

చెన్నైలో ఓడెక్కి మూడు రోజులు సముద్రంలో తిరిగొద్దామని మా ఆయన అన్నప్పుడు నేను మొదట అనుమానించింది ఆ ఓడ వంటింటిని. శనివారం ఒంటిమిట్ట రాముని పేరున ఒంటిపూట ఉంటాను. ఆ పూట మాంసం తగిలిన గిన్నెలో వండింది ముట్టను. అందుకే ఎండు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టెలో చీరల మధ్య పెట్టుకున్నాను.

"ఓడలో అన్నం పెట్టరనుకుంటాండావా?" అన్నాడాయన.

"పెడతారులే. ఏ గరిటె దేంట్లో ముంచుతారో నువ్వు చూసినావా?"

మా కోయిలకుంట్లలో ఆ రొట్టెలు నెలరోజులైనా కరకరలాడతాయి. ఓడలో శనివారం మూట విప్పితే సముద్రపు గాలికి తడిగుడ్డల్లా మెత్తబడి ఉన్నాయి. ఆకలికన్నా, ఓడ వంట తినాల్సొచ్చి మొక్కు తప్పుతుందనే భయమే ఎక్కువైంది.

నేను వద్దంటున్నా ఆయన పోయి వంటాయనకు చెప్పాడు. అదృష్టం, తెలుగాయనే.

"కొత్త పళ్లెంలో వేడిచేసిస్తానమ్మా."

"కొత్తదని ఎట్లా నమ్మేది?"

వంటాయన నవ్వలేదు. చుట్టిన అట్ట కూడా విప్పని పళ్లెం తెచ్చి నా ముందే విప్పాడు. అడుగు కూడా తిప్పి చూశాను. రొట్టెలు వేగేదాకా వంటింటి అద్దం తలుపు ఇవతలే నిలబడి చూశాను.

మళ్లీ కరకరలాడాయి. నేను అనుమానించిన మనిషి చేతనే రాముడు నా మొక్కు నిలబెట్టాడు. ఇప్పుడెవరైనా ఓడకు పోతామంటే, రొట్టెలు బిగుతు మూత డబ్బాలో పెట్టుకోమంటాను. వంటాయనను కూడా ఒకమాట అడిగి చూడమంటాను.