తమ్ముడి మెల్లకన్ను

నిన్న మనవడు మా అబ్బాయి సంవత్సరీకానికి ఫ్లెక్సు చుట్టి తెచ్చాడు. అది విప్పుతుంటే బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లకి తెల్లవాళ్ల కాలంలో వచ్చిన బొమ్మల పటాలాయన గుర్తొచ్చాడు. మీలో ఎవరికైనా గుర్తున్నాడా? బెంగాలు వైపు నుంచి రైల్లో వచ్చి, చావు జరిగిన ఇళ్లు అడిగి తెలుసుకునేవాడు.

మా తమ్ముడు జ్వరంతో పోయిన నెలకి మా గుమ్మంలో గుడ్డ చుట్ట విప్పాడు. అందులో కళ్లు లేని పిల్లాడి బొమ్మ ఉంది. కళ్లు గీస్తేనే పోయినవాడికి దారి కనబడుతుందని హిందీలో చెప్పాడు.

"మన్లో ఇలాటిది ఉందేటే?" అన్నాడు నాన్న.

అమ్మ వినలేదు. తమ్ముడు పాలు తాగే కంచు గ్లాసు పటాలాయనకి కూలిగా ఇచ్చేసింది. ఆయన కుంచె ముంచగానే ఆగమంది.

"మావోడికి మెల్లకన్ను బాబూ, అలాగే ఎయ్యి. నేకపోతే ఆడు మావోడేటి?"

ఆయనకి తెలుగు రాదు. అమ్మ తన కళ్లే ముక్కువైపు తిప్పి చూపించింది. నాకు నవ్వు ఆగలేదు. తమ్ముడు పోయాక అమ్మ నవ్వడం కూడా అప్పుడే చూశాను.

ఈ ఫ్లెక్సులో మా అబ్బాయి గడ్డం మీది పుట్టుమచ్చ లేదు.

"బాగుంటాదని నేనే తీయించాను నానమ్మా," అన్నాడు మనవడు.

"అచ్ఛా," అన్నాను. వాడు స్నానానికి వెళ్లాక కాటుకతో మచ్చ నేనే పెట్టాను.