చెరువుగట్టు మీద ఇంగ్లీషు పరీక్ష

ఫిబ్రవరి పదకొండు, బుధవారం. ఉదయం 6:10కి రామచంద్రపురంలో కోటిపల్లి బస్సెక్కాను. కాలేజీలో ముప్ఫై నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. విదేశాల నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థుల ఇంగ్లీషు చూడమని ఒక విశ్వవిద్యాలయం వారు నన్ను పిలుస్తుంటారు. మొజాంబిక్ అమ్మాయి సెలీనా చదువంతా పోర్చుగీసులో సాగింది. మొదటి మౌఖిక పరీక్షలో నేనే వందకు నలభై ఒకటి వేశాను. ఈసారీ అరవై రాకపోతే సీటు పోతుంది. ఆమె పని కాట్రేనికోన రొయ్యల చెరువుల మీద. అందుకే పరీక్ష అక్కడే పెడతానన్నాను.

కోటిపల్లి 7:05. గోదావరి దాటించే పంటు 7:20కి కదిలింది, మనిషికి ఇరవై రూపాయలు. పక్కన కొబ్బరికాయల వర్తకుడు.

"ఎందాకండీ మామ్మగారూ?"

"కాట్రేనికోన. పరీక్షకి."

"ఈ వయసులో పాసవుతారంటారా?"

"పెట్టడానికి వెళ్తున్నాను."

"ఆయ్, అలాగైతే కష్టం అవతలోళ్లకేనండి."

ముక్తేశ్వరంలో దిగి, బస్సులో 8:35కి అమలాపురం చేరాను. పెసరట్టు, కాఫీ డెబ్బై ఐదు. అల్లం పచ్చడి బాగుంది, కాఫీ చల్లారింది. 9:15 బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు సున్నా. 10:10కి కాట్రేనికోన.

చెరువు రైతు సత్యనారాయణగారు గట్టు మీద కుర్చీలు వేయించారు. సెలీనాను మొదటి ప్రశ్న అడిగాను. జవాబు లేదు. సులువు చేసి మళ్లీ అడిగాను. లేదు. మూడోసారి నేను నోరు తెరిచేసరికి ఆయన అడ్డుపడ్డారు.

"కాస్త ఊరుకోండి మేడంగారూ. పెద్దోళ్లు చెప్పడం అయ్యిందో లేదో చూసుకునిగానీ ఆ అమ్మాయి నోరిప్పదండి. ఇప్పిందా, ఆగదండోయ్! మేత ఎక్కువేశానని నిన్న నన్ను గంటసేపు తిట్టింది."

"ఇంగ్లీషులోనా? మీకర్థమయ్యిందా?"

"మేత తగ్గించేశానండి."

సెలీనా నవ్వి, తమ ఇంట్లో అదే మర్యాద అంది. మొదటి ప్రశ్నే మళ్లీ అడిగి, వాచీ చూస్తూ కూర్చున్నాను. తొమ్మిది సెకన్లు. తర్వాత పదకొండు నిమిషాలు, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుందో వివరించింది. వాక్యాల్లో తప్పులకు మార్కులు కోశాను. అయినా అరవై ఎనిమిది. ఒక్కటీ దానం చేయలేదు. విశ్వవిద్యాలయ కమిటీలో ప్రశ్నలడిగేవాళ్లందరూ తొమ్మిది సెకన్లు ఆగరు కనుక, ఆలోచిస్తున్నానని ముందే ఒక మాట చెప్పడం గంటసేపు సాధన చేయించాను.

తిరుగు బస్సు 2:20. ఈ దారిన వెళ్లేవారు ఆఖరి పంటు ఎప్పుడో రేవులో ముందే అడగండి. నాకు 4:30 పంటు దొరికింది. గోదావరి నిశ్చలంగా ఉంది, పంటులోనే నివేదిక రాయడానికి కూర్చున్నాను. తడబాటు అని రాసి నేను గతేడాది ఫెయిల్ చేసిన విద్యార్థులు ఇంకా నలుగురున్నారు. వారిని మళ్లీ పిలవాలనీ, ఈసారి ప్రతి ప్రశ్నా ఒక్కసారే అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకుంటాననీ అందులో రాసి, అవతలి ఒడ్డు రాకముందే సంతకం పెట్టాను.