ఇరవై రెండడుగుల కోట

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు వచ్చే రోడ్డు పక్కన పిల్లల పార్కు ఒకటుంది. అందులో ఒక కోట. ఆదివారం వస్తే చాలు, దాని ముందు జనం వంతులు వేసుకుని ఫోటోలు దిగుతారు. "అబ్బా, ఎంత ఎత్తు కట్టినార్రా!" అని నోరు తెరుస్తారు. ఎత్తూ లేదు, గిత్తూ లేదు. ఇరవై రెండడుగులు. మా వీధి మేడమీది నీళ్ళ ట్యాంకు దానికంటే ఎత్తు. నాకెలా తెలుసంటే, ఆ కోట కట్టిన చేతుల్లో నావీ రెండు.

కిటుకు చెప్తాను, దాచుకునేదేం లేదు. కింది వాకిలి మామూలు మనిషి దూరేంత ఉంటుంది. పై అంతస్తు కిటికీలు మామూలు కిటికీలో ముప్పాతిక. ఆ పైవి సగం. అన్నిటికంటే పైనున్న బాల్కనీలో పిల్లి తిరగొచ్చు గానీ మనిషి పట్టడు. గోడకు అంటించిన బేతంచెర్ల బండలు కూడా అంతే. కింద అడుగు పలకలు, పైకి పోయేకొద్దీ కోసి కోసి, చివరి వరసకు అరచేయంత చేశాం. మన కన్ను కిటికీ అంటే ఇంత ఉంటుందని ముందే లెక్క వేసుకుంటుంది. చిన్న కిటికీ కనిపిస్తే అది చిన్నదని ఒప్పుకోదు, దూరంగా ఉందనుకుంటుంది. అలా ఇరవై రెండడుగులు నలభై అవుతాయి.

కానీ దానికి షరతులున్నాయి. ఎదురుగా నేలమీద పసుపు రంగుతో రెండు పాదాలు గీశాం. అక్కడ నిలబడి చూస్తేనే ఆట. పైన మామూలు కొలత వస్తువు ఒక్కటి కూడా కనపడకూడదు. ఒకసారి పెయింటర్లు బాల్కనీలో రంగు డబ్బా మరిచిపోయారు. ఆ రోజంతా కోట బొమ్మరిల్లులా కనిపించింది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను ఆ తప్పు.

మాది ఆళ్ళగడ్డ. మా నాయన శిల్పి. నాకు ఉలి అబ్బలేదు. నా చేతికొచ్చిన రాయి ఎక్కడ పగలకూడదో సరిగ్గా అక్కడే పగిలేది. నంద్యాలకు వచ్చి ఫైబరు అచ్చులు, సిమెంటు బొమ్మలు చేసుకుంటూ బతికాను. నాయన దాన్ని పని అని ఏనాడూ అనలేదు. "అచ్చు పోసేదా? ఇడ్లీలు గూడ అట్లనే పోస్తారు గదరా" అనేవాడు. పైకి నవ్వేవాణ్ణి గానీ, ఆ మాట నాకు గుచ్చుకునేది.

గోపురం మీదికి పోయే విగ్రహాన్ని చెక్కేటప్పుడు ఆయనకొక పద్ధతి ఉండేది. బొమ్మను షెడ్డులో వెల్లకిలా పడుకోబెట్టేవాడు. దాని పాదాల దగ్గర తనూ నేలమీద పడుకుని, చెంప మట్టికి ఆనించి, కాళ్ళ వైపు నుంచి మొకం వైపు చూసేవాడు. రేపు కింద నిలబడే భక్తుడికి ఎలా కనిపిస్తుందో ఈ రోజే చూసుకోవడమన్నమాట. అలా చూస్తే తల చిన్నదై, మొకం గడ్డం చాటున మాయమవుతుంది. అందుకని పైకి పోయే బొమ్మకు తల కావాలనే పెంచేవాడు. లేచి ఒంటి మీది రాతిపొడి దులుపుకుంటూ, "కిందనుంచి చూసే మనిషికి సామి మొకం అందాల" అనేవాడు. నలభై ఏళ్ళు అదే లెక్క. ఆయన చెక్కినవన్నీ లారీలెక్కి ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. ఒక్కటి కూడా నిలబెట్టాక ఆయన చూసింది లేదు.

ఆయనకు కళ్ళు పోతున్నాయని తెలిసింది కోట పని మొదలైన ఏడే. నీటికాసులన్నారు. పోయిన చూపు ఇక రాదని, ఉన్నదైనా ఎంతకాలమో చెప్పలేమని నంద్యాల డాక్టరు నా ముందే చెప్పాడు. అప్పటికే ఆయనకు పక్కలన్నీ మూసుకుపోయి, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనిపించేది. బస్సులో తిరిగొస్తూ ఒకే మాట అన్నాడు: "నేను చేసిందొకటి నిలబెట్టినాక సూడాల. అది సూసినాక పోతే పోనీలే."

ఆ మాట పట్టుకునే నేను పార్కు డిజైనరు దగ్గరికి పోయాను. హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి, పనిలో గట్టిది. పై బాల్కనీలో ఇద్దరు ద్వారపాలకులను ఫైబరుతో చేయాలని ఆమె గీసిన ప్లానులో ఉంది. ఆళ్ళగడ్డ రాయి పెడదామని, మా నాయన చెక్కుతాడని బతిమాలాను. ఆమె ఒప్పుకుంది. "రెండడుగులు దాటకూడదన్నా. తల రెండున్నర అంగుళాలే" అని రెండుసార్లు చెప్పింది.

నాయనతో నేనన్నది ఇంతే: "రెండడుగుల బొమ్మలు రెండు. ఇరవై అడుగుల పైన పెడతాం." ఎందుకు రెండడుగులో చెప్పలేదు. కళ్ళను మోసం చేసే కోట అని చెప్పలేదు. ముసలాయనకు ఇదంతా ఏం బుర్రకెక్కుతుందిలే అనుకున్నాను. ఎక్కినా, మోసప్పని నేను చెయ్యనంటాడని భయపడ్డాను. నలభై ఏళ్ళు రాయిని అర్థం చేసుకున్న మనిషికి నా అచ్చుల పని అర్థం కాదనుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

మూడు నెలలకు బొమ్మలొచ్చాయి. మూడేసి అడుగులు. తలలు బాగా పెద్దవి. లారీ తలుపు తీసి టేపు పెట్టి మళ్ళీ కొలిచాను. ఫోన్ చేస్తే నాయన గొంతులో గర్వం: "నువ్వు కొలత తప్పు చెప్పినావ్ రా. అంత ఎత్తులో రెండడుగులు ఏం కనపడతాది? నేను సరిచేసినాలే." ఒక్క అడుగే కదా, ఎవరు పట్టించుకుంటారులే అనుకుని కప్పీ తెప్పించి పైకెక్కించాను.

రెండో బొమ్మ నిలబడగానే వచ్చి పసుపు పాదాల మీద నిలుచున్నాను. కోట చతికిలబడిపోయింది. నలభై అడుగులు పోయి ఇరవై రెండూ మిగల్లేదు. ఆ పెద్ద పెద్ద మొకాలు మీదికి వచ్చి మమ్మల్నే చూస్తున్నాయి. నిజం చెప్పాలంటే అంత జీవం ఉన్న మొకాలు ఆ పార్కు మొత్తంలో లేవు. డిజైనరు వచ్చి నా పక్కన నిలబడి చూసింది. తర్వాత, "బొమ్మలు చాలా బాగున్నాయన్నా. దించేయండి" అంది. సాయంత్రంలోగా దించేసి, వాటి చోట రెండడుగుల ఫైబరు బొమ్మలు నేనే పోసి పెట్టాను. ఇడ్లీలు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నాయన ఫోన్ చేసి అడిగేవాడు.

"పెట్నారా?"

"పెట్నాం నాయనా."

"కిందనుంచి మొకం కనపడతాందా?"

"కనపడతాంది."

వస్తానంటే ఎండలన్నాను. తర్వాత వానలన్నాను. ఒక రోజు పొద్దున పని మీదుంటే గేటు దగ్గర ఆటో దిగాడు. ఎవరినో తోడు అడిగి బస్సెక్కి వచ్చేశాడు. ఎడమచేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఏమైందంటే, సుత్తి పడిందన్నాడు. "ఉలి మొన సూస్తే ఉలి తల కనపళ్ళా. పని ఆడికి అయిపోయింది, ఎత్తిపెట్టేసినా" అన్నాడు, చొక్కా మాసిందన్నంత మామూలుగా. నాకు ఏడుపొచ్చింది.

పసుపు పాదాల మీద నిలబెట్టాను. చేయి చాపి, ఆ కట్టు కట్టిన వేలితోనే కోటను కొలిచాడు. కిందినుంచి పైకి, వరస వరసకు ఆగి, మెల్లగా. పై బాల్కనీ దగ్గర ఆ వేలు చాలాసేపు ఆగిపోయింది.

"ఇవి నావి కావు."

"నీవే నాయనా. దూరం గదా, అట్ల కనపడతాండాయి."

"నా బొమ్మ ఎంత దూరం పోయినా మొకం దాసుకోదురా. యాడ పడేసినావ్?"

చేయి పట్టుకుని కోట వెనక్కి తీసుకెళ్ళాను. వెనక గోడే లేదు. ఇనుప చట్రాలు, ప్లైవుడ్డు, సిమెంటు బస్తాలు. గోనెల మీద ఆయన ద్వారపాలకులు వెల్లకిలా పడున్నారు. నాయన వాటి కాళ్ళ దగ్గర తడుముకుంటూ కూర్చున్నాడు. వద్దంటున్నా వినకుండా ఆ సిమెంటు దుమ్ములో పడుకుని, చెంప నేలకానించి చూశాడు.

"సరిగ్గానే ఉండాయి గదరా. తప్పు యాడుండాది?"

అప్పుడు చెప్పాను. వాకిలి, కిటికీలు, బండలు, పసుపు పాదాలు, మొత్తం. ఏదో ఆయనే నాకు అన్యాయం చేసినట్టు కోపంగా, కేకలేస్తూ చెప్పాను. ఆయన పడుకునే విన్నాడు. రెండు నిమిషాలు పట్టింది అర్థం కావడానికి. రెండే.

"ఇంతేనా? గుళ్ళో సామిని దగ్గరికి పిలుసుకుంటాం, మీరు దూరం తోస్తాండారు. లెక్క అదే, తిరగేసి పట్టుకుంటే సరి. ముందే చెప్పింటే చిన్నవి చేసి ఇచ్చుండనా?"

"నీకు ఎక్కదనుకుంటి నాయనా."

ఆయన లేచి కూర్చున్నాడు. నా వైపు తిరిగాడు గానీ, ఆ గొట్టంలో నేను పడ్డానో లేదో తెలియదు. తిట్టి ఉంటే బాగుండేది. "బస్సుకు టైమైతాంది" అన్నాడు, అంతే.

బేతంచెర్ల బండల లారీ ఒకటి ఆళ్ళగడ్డ మీదుగా పోతుంటే బొమ్మలను అందులో ఇంటికి పంపాను. ఇప్పుడు షెడ్డులో ఉన్నాయి. కొంటామని ఎవరో వచ్చారు గానీ, తలలు పెద్దవన్నారు. ఆ ఏడు తిరిగేలోపే నాయనకు ఎదురుగా ఉన్న ఆ కాస్త చూపూ పోయింది. పోయేలోపు ఆయన చేసింది నిలబడగా చూసుకోలేదు. నా వల్లే. ఎవరు ఏం చెప్పి ఓదార్చినా అది నా వల్లే.

పోయిన ఆదివారం పోతే షెడ్డు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగు చప్పుడు గుర్తుపట్టి, "ఆ కోట కొలతలు ఇంగోసారి చెప్పు" అన్నాడు. చెప్పాను. వాకిలి ఆరడుగులు. పై కిటికీలు మూడు. ఆ పైవి రెండు. బాల్కనీ గోడ అడుగు. ఒక్కొక్కటి చెప్తుంటే పెదాలు కదుపుతూ విన్నాడు. తల కొలత మాత్రం నేను చెప్పలేదు. ఆయన కుడిచేయి ఎత్తి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త సందు పట్టి గాల్లో నిలిపాడు.

"తలకాయ ఇంత. అవునా?"

జేబులోంచి టేపు తీసి ఆ వేళ్ళ మధ్య పెట్టాను.

రెండున్నర అంగుళాలు.

"సరిపోయిందా?" అన్నాడు.

"సరిపోయింది నాయనా" అన్నాను.