పెద్దమ్మ ఆమేన్ అనేదాకా

మా పెద్దమ్మ భోజనం ముందు ప్రార్థన మొదలుపెట్టిందంటే, పొగలు కక్కే కూర చల్లారి గడ్డకట్టేదాకా ఆమేన్ అనదు. కొత్తగా ఉద్యోగంలో చేరి ఏడాదిపాటు వాళ్ళింట్లోనే ఉన్నాను కాబట్టి, ఆ సంగతి నా కడుపుకి బాగా తెలుసు.

"దయగల తండ్రీ, ఈ భోజనానికి స్తోత్రం" అని సూటిగానే మొదలెట్టేది. అక్కడితో ఆపితే ఎంత బావుండును! వండిన పొయ్యికి స్తోత్రం, పొయ్యి బాగుచేసినవాడికి దీవెన, వాడి అత్తగారి మోకాళ్ళకి స్వస్థత, ఆ మోకాళ్ళు చూసిన డాక్టరుకి మంచి బుద్ధి... ఈలోగా నా పేగులు వేరే ప్రార్థన అందుకునేవి.

పెదనాన్న బస్సు డ్రైవరు. మధ్యాహ్నం రెండు ట్రిప్పుల మధ్య ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని పరిగెత్తాలి.

"ఏమేవ్, ఎంత దూరం బస్సుకైనా మధ్యలో స్టాపులుంటాయే!" అనేవాడు.

"దేవుడితో మాట్లాడుతుంటే హారన్ కొట్టకండి" అని కసిరి, ఆపిన చోటునుంచి మళ్ళీ అందుకునేది. మేము కన్ను తెరిస్తే మాత్రం ఊరుకునేది కాదు.

పక్క వాటాలో, అచ్చాఫీసులో పనిచేసే ప్రెస్సు మావయ్య ఒక్కడే ఉండేవాడు. ప్రెస్సు మూతపడి నెలలైనా, ఎప్పుడు భోజనానికి పిలిచినా "ఇప్పుడే తిన్నానండీ" అనేవాడు. అలాంటి మనిషిని పెద్దమ్మ ప్రార్థనకి రమ్మంది. రోజూ మేము కళ్ళు మూసుకుని ఉండగా పిల్లిలా వచ్చి కూర్చునేవాడు. ఆయన కూర్చోగానే ఆమేన్!

"మనకంటే ఆయనే నయంరా, ప్రార్థన తోక పట్టుకుని వస్తాడు" అని పెదనాన్న నా చెవిలో గొణిగేవాడు.

ఒకరోజు ఆకలికి తాళలేక ఓరగా కన్ను తెరిచాను. పెద్దమ్మ నోరు వీధి కుళాయి కోసం ప్రార్థిస్తోంది. కళ్ళు మాత్రం గుమ్మానికి అతుక్కుపోయి ఉన్నాయి! మావయ్య గడప దగ్గర తచ్చాడుతూ కనబడగానే టక్కున మూసేసుకుంది.

గిన్నెలు కడిగేటప్పుడు నిలదీశాను. "కళ్ళు తెరిచి ప్రార్థించడానికి నీకు లైసెన్సు ఎవరిచ్చారు పెద్దమ్మా?"

"మెల్లగా! భోజనానికంటే రాడు, ప్రార్థనకంటే కాదనలేడు. వచ్చిన మనిషిని ఆమేన్ అనగానే లేచిపొమ్మంటామా? కానీ ఎవరైనా చూస్తుంటే గడప తొక్కలేడురా, అభిమానం. వచ్చేదాకా సాగదీయొద్దూ?"

"మరి దేవుడేమనుకుంటాడు?"

"మనసులో ఆయనకి చెబుతూనే ఉంటాను. ప్రభువా, ఈ మనిషిని తొందరగా లోపలికి తోసెయ్యి, నా దగ్గర స్టాకు అయిపోతోందీ అని."

పెదనాన్నకి చెప్పాను. మర్నాడు పెద్దమ్మ మాటలకి తడుముకుంటుంటే, ఆయన కళ్ళు మూసుకునే అందించాడు. "మా డిపోలో టైర్ల సంగతి మర్చిపోయావే!"

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం పెద్దమ్మ "తండ్రీ, స్తోత్రం. ఆమేన్" అనేసింది. కూర ఇంకా కుతకుతమంటోంది.

"ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు పెదనాన్న కంగారుగా.

"ప్రెస్సు తెరిచారటండీ. పొద్దున్నే అన్నం క్యారేజీ కట్టుకుని పనికి వెళ్ళిపోయాడు" అంది పెద్దమ్మ. మొహం వెలిగిపోతోంది.

పెదనాన్న ముద్ద కలపబోయి ఆగాడు. చెయ్యి వెనక్కి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, నాకు మాటలు రావు. ఇన్నాళ్ళూ మా ఆవిడ చెప్పినవన్నీ నేను కూడా చెప్పినట్టే రాసుకో."

ఆమేన్ మాత్రం ముగ్గురం ఒక్కసారే అన్నాం.