గ్రాండ్ టెస్టులో మాస్టారి మార్కులు

మొన్న సోమవారం విజయనగరంలో ఏం జరిగిందో చెబితే మీరు నమ్మరు. నాకొచ్చిన మార్కులకి మా అమ్మాయి తిట్లు తింది! అదీ నా కళ్ళ ముందే. నవ్వకండి. నవ్వాల్సిన చోటు వచ్చినప్పుడు నేనే చెబుతాను. ముందు టీ తాగండి, చల్లారిపోతోంది.

మీకు తెలియనిదేముంది, నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. గరివిడి చుట్టుపక్కల ఏ ఊళ్ళో పదో తరగతి ఫలితాలొచ్చినా తల్లిదండ్రులు మార్కుల కాగితం పట్టుకుని మా అరుగు మీదికి వస్తారు. "మాస్టారూ, మా గుంటకి డాక్టరు సీటు వస్తాదా?" అని అడుగుతారు. నేను కళ్ళజోడు సర్దుకుని, సైన్సు మార్కులు ఓసారి, లెక్కల మార్కులు ఓసారి చూసి, "వస్తాది, ఒక్క ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూకోబెట్టండి" అనో, "డిగ్రీలో జేర్పించీయండి" అనో తేల్చేస్తాను. పదో తరగతి మార్కులు చూస్తే చాలు, పిల్ల జాతకం చూసినట్టేనని నా నమ్మకం. నేను చెప్పినవి ఎన్ని నిజమయ్యాయో ఎప్పుడూ లెక్క చూసుకోలేదు. నిజమైనవాళ్ళు స్వీట్లు పట్టుకుని వచ్చారు. కానివాళ్ళు మళ్ళీ మా వీధి వైపు రాలేదు. అందుకని నాకు అన్నీ నిజమైనట్టే కనిపించేవి.

ఇక మా శ్రావణి. పదిలో ఆరువందలకి ఐదువందల ఎనభై రెండు! ఆ రోజే మా ఆవిడ పార్వతికి చెప్పేశాను, ఇంట్లో డాక్టరు ఉందని. వీధిలో వాళ్ళు దాన్ని "డాక్టరమ్మా" అని పిలవడం మొదలుపెట్టారు. మొదలుపెట్టింది నేనే అనుకోండి. ఇంటర్ అయింది, నీట్ రాసింది, సీటుకి చాలా దూరంలో ఆగిపోయింది. అదే ఏడాది రాసిన ఇంకో ప్రవేశ పరీక్షలో మాత్రం అగ్రికల్చర్ బీఎస్సీకి సరిపడా ర్యాంకు వచ్చింది. కాలేజీ శ్రీకాకుళం పక్కనే. దానికి అదే కావాలట. చిన్నప్పటి నుంచీ అంతే, సెలవులిస్తే రామతీర్థం దగ్గర వాళ్ళ మావ అప్పలనాయుడి పొలానికి వెళ్ళి, తెగులు పట్టిన వరి ఆకులు తెంపుకొచ్చి మా డాబా మీద ఆరబెట్టేది. అప్పలనాయుడు ఫోన్ చేసి, "బావా, పిల్ల ఇష్టపడతన్నాది కదా, పంపీ" అన్నాడు కూడా. నేను వినలేదు.

ఓ రాత్రి భోజనాల దగ్గర ఎత్తుకున్నాను. "పదిలో అన్ని మార్కులొచ్చిన దానివి, నీట్ రాకపోడమేటే? నీకు బుర్ర నేక కాదు, బాధ్యత నేక. మార్కులు అబద్ధం సెప్పవు."

"పది వేరు నాన్నా, ఇది వేరు" అంది శ్రావణి. "అక్కడ సదివింది సదివినట్టు రాస్తే సాలు. ఇక్కడ నిమిషంలో తేల్చీయాల. ఎంత సదివినా నాకది పడతన్నేదు."

"ఇంకో ఏడాది లాంగ్ టర్మ్‌లో కూకుంటే అదే పడతాది."

శ్రావణి తల వంచుకుని కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. నేను గెలిచాననుకున్నాను.

సరిగ్గా ఆ వారంలోనే న్యూస్ పేపర్‌తో పాటు ఒక కరపత్రం వచ్చింది. విజయనగరంలో ఒక కోచింగ్ సెంటరు వాళ్ళది. ఆదివారం ఓపెన్ గ్రాండ్ టెస్టు, ఎవరైనా రాయొచ్చు. పదో తరగతి మార్కులిస్తే నీట్‌లో ఎన్ని మార్కులొస్తాయో కంప్యూటరు ముందుగానే చెప్పేస్తుంది! చూశారా మరి, నేను అరుగు మీద చేసే పనే వాళ్ళు కంప్యూటరు పెట్టి చేస్తున్నారు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. కరపత్రం తీసుకెళ్ళి శ్రావణి ముందు పెట్టాను.

అది మొత్తం చదివింది. చదివి నెమ్మదిగా, "అయితే నువ్వు రాయి నాన్నా" అంది.

"నేనా?"

"నీకు పదిలో మండలం ఫస్టు కదా. వయసు అడ్డం నేదు. కంప్యూటరు సెప్పినన్ని నీకొస్తే నేను నోరెత్తకుండా లాంగ్ టర్మ్‌కి ఎల్పోతాను. రాకపోతే కాలేజీ సీట్ల ఆప్షన్లు నాకు నచ్చినట్టు పెట్టుకుంటాను. బుధవారంతో ఆఖరు."

సరేనన్నాను. ఎందుకనను? బీఎస్సీ చదివినవాణ్ణి, ఉద్యోగం చేసినంత కాలమూ బయాలజీయే చెప్పినవాణ్ణి! ఫోన్‌లో నా ఫొటో ఎక్కించి, నా పదో తరగతి మార్కులు ఐదువందల నలభై ఒకటీ కొట్టి, శ్రావణే నా పేరు నమోదు చేసింది. వెంటనే జవాబొచ్చింది. నీట్‌లో నాకు ఏడువందల ఇరవైకి ఐదువందల పైచిలుకు వస్తాయట! ఇల్లంతా తిరిగి ఆ ఫోన్ చూపించాను. పార్వతి వంటింట్లోంచే, "ఇంటర్ పుస్తకాలు ఓపాలి తిరగెయ్యండి, పోనీ" అంది. "నాకా!" అన్నాను.

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్యాసింజరులో వెళ్ళాను. అసలు పరీక్షలో ఉండే రూల్సన్నీ అక్కడా పెట్టారు. గేటు దగ్గరే ఆపి, "ఫుల్ హ్యాండ్స్ కుదరదండి" అన్నారు. ప్రతి ఏడూ పదో తరగతి పరీక్షల్లో పిల్లల జేబులు తడిమే చేతులు నావి. ఇప్పుడు ఎవరో నా జేబులు తడుముతున్నారు! చొక్కా మోచేతుల పైకి మడిచి, బూట్లు విప్పేసి, వాచీ ఇచ్చేసి, ఉత్త కాళ్ళతో హాల్లోకి అడుగుపెట్టాను. పిల్లలందరూ ఒక్కసారిగా లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ సార్!" అన్నారు. నేను కూడా అలవాటు కొద్దీ "సిట్ డౌన్" అనేశాను. ఆ తర్వాత వెళ్ళి వాళ్ళ మధ్యలో ఒక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాను. అప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు.

పేపరిచ్చారు. పిల్లలకి నేనేం చెబుతానో నేనూ అదే చేశాను. ముందు ప్రశ్నపత్రం మొత్తం నింపాదిగా చదవాలి. చదివాను. తలెత్తి చూసేసరికి పక్కనున్న పిల్ల బయాలజీ సగం లాగించేసింది. సరే, వచ్చిన సబ్జెక్టు ముందు రాయాలి కదా అని నేనూ బయాలజీ మొదలుపెట్టాను. నా బయాలజీ! ఒక్కో ప్రశ్నకీ నాలుగేసి వాక్యాలిచ్చి, వీటిలో ఏవి ఒప్పు, ఏవి తప్పు అంటాడు. నాకు నాలుగూ ఒప్పుల్లాగే ఉన్నాయి. రోజూ క్లాసులో చెప్పే గుండె, మూత్రపిండం, ఆకు, వేరు, అన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కటీ నన్ను గుర్తుపట్టలేదు. వివరించి రాయమంటే బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, అడిషనల్ షీటు అడిగి మరీ రాసేవాణ్ణి. గీయడానికి చోటేదీ? ఒక ప్రశ్న తప్పుగా ఇచ్చారని ఇన్విజిలేటరుని పిలిచి కాసేపు వాదించాను కూడా. ఆయన ఓపిగ్గా విని, "టైమైపోతోందండి" అన్నాడు.

నిజంగానే అయిపోతోంది. ఫిజిక్సు, కెమిస్ట్రీ తెల్లగా అలాగే ఉన్నాయి. తప్పు రాస్తే ఉన్న మార్కు కోస్తారని నాకు తెలుసు. తెలియక కాదు. కానీ ఏటా మార్చి నెలలో పిల్లల్ని వరసగా నిలబెట్టి నేను చెప్పే మాట ఒకటుంది కదా: "ఒక్క ప్రశ్న వదలకండిరా. రాకపోయినా ఏదో ఒకటి రాసీయండి, మార్కు పడతాది." చెయ్యి ఆగలేదు. జవాబు కాగితంలో ఖాళీ గుండ్రం కనపడితే ఎవడో పిల్లాడు నా కళ్ళ ముందే ఫెయిలైపోతున్నట్టు ఉంది. గబగబా అన్నీ నింపేశాను. ఒక్కటంటే ఒక్కటి వదలలేదు. పదో తరగతి పేపరైతే గ్యారంటీగా పాసే!

సాయంత్రం పార్వతి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పేరెంట్ నంబరని శ్రావణి వాళ్ళమ్మ నంబరిచ్చిందట. పార్వతి దాన్ని గొంతు సవరించుకుని మరీ చదివింది. "ప్రియమైన తల్లిదండ్రులకు. మీ పిల్లవాడి పరిస్థితి ఆందోళనకరంగా ఉన్నది. రేపు పిల్లవాడిని వెంటబెట్టుకుని వచ్చి కౌన్సిలర్‌ని కలవగలరు." దాని కింద మార్కులు. ఏడువందల ఇరవైకి ముప్పై ఐదు.

"మీ అమ్మగారుంటే ఈ ఫోను ఆవిడకి ఇచ్చీదాన్ని" అంది పార్వతి. "ఇప్పుడు నాకొచ్చింది ఈ పిల్లోడి బరువు."

శ్రావణి మాత్రం నవ్వలేదు. "కళ్ళు మూసుకుని నింపీసినా నలభై ఐదు దాకా రావాల నాన్నా" అంది, లెక్క ఒప్పజెప్పినట్టు.

"స్కానింగ్‌లో తప్పు జరిగుంటాది" అన్నాను. "రేపు ఎల్లి రీవెరిఫికేషన్ సేయిస్తాను. పందెం సంగతి ఆ తర్వాత." ఆ పిల్ల నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. పొద్దున్న నేను బయల్దేరుతుంటే సర్టిఫికెట్ల ఫైలు సంచిలో పెట్టుకుని తనూ వచ్చింది.

కోచింగ్ సెంటర్లో కౌన్సిలర్ బెజవాడ వైపు నుంచి వచ్చిన కుర్రాడు. నా హాల్ టికెట్ నంబరు చెప్పి ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. స్క్రీన్ మీద మార్కులు చూశాడు. పేరు చూడలేదు, ఫొటో చూడలేదు. మార్కులు చూసి, తిన్నగా మా అమ్మాయి వంక చూశాడు.

"ఏంటమ్మా ఇది? ముప్పై ఐదా?"

నేను నోరు తెరవబోయాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరుండండి సార్. మీ గారాబం వల్లే ఇలా తయారైంది."

మళ్ళీ శ్రావణి వైపు తిరిగి కుర్రాడు అందుకున్నాడు.

"పదిలో ఐదువందల నలభై ఒకటి వచ్చాయి. ఐదువందలు దాటాలని మా ప్రెడిక్టర్ చెబుతోంది. మార్కులు అబద్ధం చెబుతాయా? నీకు తెలివి లేక కాదమ్మా, బాధ్యత లేదు. ఫోనా? ఫ్రెండ్సా? నీకోసం ఆయన ఈ వయసులో ఇంత దూరం వచ్చారు. మీ నాన్న మొహం చూడు, ఎలా వాడిపోయిందో!"

నా మొహం వాడిపోయిన మాట నిజమే. ఎందుకంటే ఆ కుర్రాడి నోట్లోంచి వచ్చే ప్రతి మాటా నాదే. శ్రావణి తల వంచుకుని కూర్చుంది. "ఆ మార్కులు నావి కావు" అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. అనలేదు. నా పరువు కాపాడాలని అనలేదో, ఆ మాటలు పడటం అలవాటైపోయి అనలేదో నాకు తెలీదు. ఇంట్లో కంచం ముందు ఎలా కూర్చుందో అచ్చం అలాగే కూర్చుంది. నా మాట ఎంత బరువుంటుందో పరాయివాడు అంటే గానీ తెలిసిరాలేదు.

"బాబూ, ఆ మార్కులు నావి" అన్నాను.

"తెలుసు సార్. పిల్లల మార్కులంటే పేరెంట్స్ మార్కులే. మీ బాధ నాకర్థమైంది."

"అది కాదు బాబూ. ఆ పరీక్ష రాసినోణ్ణి నేను. ఫొటో సూడు, మీసాలుంటాయి!"

ఇదిగో, నవ్వాల్సిన చోటు ఇదే. నవ్వండి. అక్కడ మాత్రం ఎవరూ నవ్వలేదు. కుర్రాడు స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ స్క్రీన్ చూశాడు. "సారీ సార్" అన్నాడు. పాపం, చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఎంతైనా ఉద్యోగం కదా, క్షణంలో తేరుకున్నాడు. "అయినా ఫరవాలేదు సార్. వయసు లిమిట్ లేదు. ఒక్క ఏడాది లాంగ్ టర్మ్‌లో కూర్చుంటే మీరు ఎక్కడికో వెళ్ళిపోతారు" అని, శ్రావణి వైపు తిరిగి, "ఏమ్మా, నాన్నగారిని చేర్పిద్దామా?" అన్నాడు.

శ్రావణి అప్పుడు తలెత్తింది.

"వద్దండి. మా నాన్నకి బాధ్యత నేకపోడమేటండి, ఒక్క ప్రశ్న వదలకుండా రాసొచ్చీరు. పాఠం బాగా సెప్తారు. ఈ పేపరు ఆయనకి పడనేదు, అంతే. ఏటనకండి. నేను ఇంటికి తీసుకెళ్ళిపోతాను" అంది.

వెక్కిరిస్తోందేమోనని దాని మొహం చూశాను. వెక్కిరింత కాదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీట్ ఫలితాలొచ్చిన రోజు నేను దాని పక్కన కూర్చుని అనాల్సిన మాట అది. నేను అనలేదు. అది నాకోసం అంది.

రీవెరిఫికేషన్ సంగతి అడగడం మరిచిపోయాను. మరిచిపోయాననే అనుకోండి.

రోడ్డు మీదికొచ్చాక, "ఆప్షన్లు పెట్టీ నెట్ సెంటరు ఎటేపు?" అని అడిగాను. శ్రావణి నమ్మలేనట్టు చూసింది. "బుధవారం దాకా టైముంది నాన్నా, ఆలోసించుకో" అంది. "పందెం ఓడిపోయాక ఆలోసించడానికేటుంది, పద" అన్నాను.

నెట్ సెంటర్లో జనం బాగానే ఉన్నారు. కంప్యూటరు ముందు కూర్చున్నాయన శ్రావణి సర్టిఫికెట్లు తిరగేస్తూ పదో తరగతిది రాగానే ఆగిపోయాడు.

"అయ్యబాబోయ్! ఐదువందల ఎనభై రెండా! ఇన్ని మార్కులొచ్చిన పిల్లని అగ్రికల్చర్‌కి పంపుతారేటండి? నీట్ రాయిస్తే కళ్ళు మూసుకుని సీటొచ్చీది!"

వెనకాల నిలబడ్డవాళ్ళంతా నా వైపు తిరిగారు. శ్రావణి కూడా నా వైపే చూస్తోంది. మళ్ళీ ఏమంటానోనని దాని భయం.

"పది మార్కులు సూసి నీట్ మార్కులు సెప్పకు నాయనా" అన్నాను. "నాకు తెల్సిన ఒకడు మండలం ఫస్టు. నిన్న రాస్తే ముప్పై ఐదొచ్చాయి."

"అయ్యో పాపం! ఎవులా గుంటడు?"

"నీ ఎదరే నిలబడ్డాడు. ముందు నువ్వు అగ్రికల్చర్ మీద నొక్కు!"